ఢిల్లీలో ఆ ఐదు రోజులు: మన రెండు జిల్లాలకు ఎక్కడెక్కడ తగుల్తుంది?

గంటస్తంభం | 20 డిసెంబరు 2025, ఉ. 7:40

శీతాకాల సమావేశాలు నిన్నటితో ముగిశాయి. టీవీలో చూసినవాళ్లకు గుర్తుండేది చింపిన కాగితాలూ, నినాదాలే. కానీ 15వ తేదీ సోమవారం నుంచి 19 శుక్రవారం దాకా సభల ముందుకొచ్చిన పనిని శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు నిదానంగా చదువుకోవాలి. రణస్థలం మండలంలోని కొవ్వాడకు తగిలే అణు విద్యుత్ బిల్లు, ఉపాధి హామీ చట్టం స్థానంలో వచ్చే, ప్రతి పంచాయతీకీ తగిలే కొత్త ఉపాధి బిల్లు, ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీకీ విజయనగరం జేఎన్టీయూ గురజాడకీ తగిలే ఉన్నత విద్య బిల్లు. మూడూ ఒకే వారంలో వచ్చాయి.

ఏ పార్టీ ఏమందన్నది ఇక్కడ వద్దు, దానికి వేరే దారాలు (చర్చలు) బోలెడు ఉన్నాయి. అక్కడ జరిగిన పని ఇక్కడికి ఏ దారిన వస్తుంది, మధ్యలో రాష్ట్రం చేతిలో ఏం ఉంటుంది, మన వైపు నుంచి ఎక్కడ వేలు పెట్టొచ్చు? తెలిసినవాళ్లు అంకెలతో, తేదీలతో రాయండి.

పాత_గెజిట్టు | 20 డిసెంబరు, ఉ. 9:05

మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. దేని నడక దానిదే.

అణు బిల్లు (శాంతి బిల్లు అంటున్నారు) 15న లోక్‌సభలో పెట్టారు, 17న అక్కడ గట్టెక్కింది, 18న రాజ్యసభలో. 1962 అణుశక్తి చట్టం, 2010 అణు నష్టపరిహార చట్టం రెండూ దీంతో పోతాయి. కేంద్రానికీ రాష్ట్రాలకూ అధికారాలు పంచే రాజ్యాంగం ఏడో షెడ్యూలులో అణుశక్తి కేంద్ర జాబితా 6వ అంశం. అసెంబ్లీకి అందులో మాట లేదు. అయితే భూసేకరణ ఉమ్మడి జాబితా 42, పోలీసు రాష్ట్రానిదే, నీళ్లిచ్చేదీ రాష్ట్రమే. అంటే చట్టం ఢిల్లీది, తలనొప్పి కలెక్టరేటుది. కొవ్వాడ విషయంలో అసలు మార్పు ఒక్క చోట ఉంది. 2010 చట్టం 17(బి) ప్రకారం పరికరం నాసిరకమైతే దాన్ని సరఫరా చేసిన కంపెనీ మీదకు ప్లాంటు నడిపే సంస్థ వెళ్లొచ్చు. కొవ్వాడకు అనుకున్నవి వెస్టింగ్‌హౌస్ వాళ్ల 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు. ఆ బేరం ఏళ్ల తరబడి నానడానికి ఈ క్లాజు ఒక పెద్ద కారణం. కొత్త చట్టంలో అది లేదు. ఒప్పందంలో రాసుకుంటేనో, కావాలని చేసిన నష్టమైతేనో తప్ప సరఫరాదారు జోలికి వెళ్లలేరు. కాబట్టి ఇకపై చూడాల్సింది చట్టం కాదు, ఒప్పందం కాగితం.

ఉపాధి బిల్లు 16న ప్రవేశం, 18న లోక్‌సభ ఆమోదం, ఆ రాత్రే అర్ధరాత్రి దాటాక రాజ్యసభ ఆమోదం. బిల్లుల్ని నిదానంగా పరిశీలించే ఎంపీల స్థాయీ సంఘాల్లో దేనికీ వెళ్లలేదు. 100 రోజులు 125 అవుతాయి. కానీ ఇన్నాళ్లూ కూలి డబ్బు మొత్తం కేంద్రానిది, సామగ్రిలో నాలుగో వంతు రాష్ట్రానిది. ఇకపై మొత్తం మీద కేంద్రం 60, రాష్ట్రం 40. పైగా రాష్ట్రానికి ఇంత అని కేంద్రం ముందే ఒక కేటాయింపు గీస్తుంది. అది దాటితే ఆ పైసా రాష్ట్రానిదే.

విద్య బిల్లును రెండు సభల సంయుక్త కమిటీకి పంపారు. ఇది ఒక్కటే మనం నోరు విప్పడానికి టైము ఉన్నది. కమిటీ అభిప్రాయాలు కోరుతూ ప్రకటన ఇచ్చినప్పుడు యూనివర్సిటీ టీచర్ల సంఘాలు, కాలేజీ యాజమాన్యాలు రాతపూర్వకంగా పంపుకోవచ్చు. ప్రకటనలో గడువు తక్కువే ఇస్తారు, వచ్చాక రాద్దాం అనుకుంటే దాటిపోతుంది. ముసాయిదా ఇప్పుడే రాసి పెట్టుకోవాలి.

జీడిపిక్క | 20 డిసెంబరు, ఉ. 10:22

ఉపాధి మీద లెక్క వేసి చూద్దాం. 2025-26కి మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు. ఒక కుటుంబం 100 రోజులు నిండా చేస్తే 30,700. ఇందులో రాష్ట్రం పెట్టేది సున్నా. అదే కూలి రేటు మీద 125 రోజులైతే 38,375. నలభై శాతం అంటే 15,350 రాష్ట్రం ఖజానాలోంచి రావాలి. ఒక్క జాబ్‌కార్డుకు, సామగ్రి కలపకుండా. పలాస, మందస, మెళియాపుట్టి లాంటి చోట వేసవిలో ఎన్ని కార్డులు కదుల్తాయో అక్కడివాళ్లకు తెలుసు, గుణించుకోండి.

రెండోది, 60 రోజుల విరామం. నాట్లు, కోతలు జోరుగా ఉండే కాలంలో కలిపి 60 రోజులు ఉపాధి పనులు ఆపాలి. ఏ రోజులన్నది రాష్ట్రం ముందే నోటిఫై చేయాలి. జిల్లాకు వేరు, మండలానికి వేరు, చివరికి పంచాయతీకి వేరుగా కూడా ఇవ్వొచ్చు. మనకు ఇదే కీలకం. నాగావళి, వంశధార ఆయకట్టులో నాట్లు జులై, ఆగస్టు; కోతలు నవంబరు ఆఖరు, డిసెంబరు. ఉద్దానంలో ఆ లెక్క చెల్లదు. జీడి ఏరేది మార్చి నుంచి మే దాకా, సరిగ్గా ఉపాధి పనులు ఎక్కువగా జరిగే రోజుల్లో. కొబ్బరికి అసలు సీజనే లేదు, దింపు ఏడాది పొడుగునా ఉంటుంది. విజయవాడలో కూర్చుని రాష్ట్రం మొత్తానికి వరి క్యాలెండరు ఒకటి గీసేస్తే, కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాలకు పనిలేని రోజుల్లో పనులు ఆగుతాయి, జీడి ఏరేటప్పుడు పనులు నడుస్తాయి.

అందుకని గ్రామసభ తీర్మానంలో విరామం ఏ నెలల్లో కావాలో తేదీలతో రాసి ఎంపీడీవోకి ఇవ్వాలి. ఈ చట్టం కింద రాష్ట్రం ఆరు నెలల్లో తన స్కీము తయారు చేసుకోవాలి, అమల్లోకొచ్చిన రోజు నుంచి లెక్క. తీర్మానాలు అప్పటికే ఫైల్లో ఉండాలి.

ఏటొడ్డు | 20 డిసెంబరు, మ. 12:48

ఏటి బాబూ, రాత్రికి రాత్రి అయిపోనాది కదా, ఇంక మనం ఏటి రాసినా ఏటి లాభం? సభ జరిగిన రోజు కంటే ఆగిన రోజులే ఎక్కువ. అందరూ అరుస్తారు, స్పీకరు లేచి ఎల్లిపోతాడు. అందులో మన జిల్లా పని ఎక్కడ ఉంటాది?

పాత_గెజిట్టు | 20 డిసెంబరు, మ. 2:10

మంచి ప్రశ్నే. గొడవలో పోయేదేది, మిగిలేదేది అన్నది చాలామందికి తెలియదు.

పదకొండుకు సభ మొదలై ఐదు నిమిషాల్లో వాయిదా పడిందనుకోండి. ఆ రోజు స్టార్డ్ ప్రశ్నలు (మంత్రి సభలో లేచి జవాబు చెప్పేవి) నోటితో జరగవు, మంత్రిని గుచ్చి అడిగే అనుబంధ ప్రశ్నలు పోయినట్టే. కానీ జవాబులు మాత్రం కాగితం రూపంలో సభ ముందు పెట్టేసినట్టే లెక్క, సాయంత్రానికి పార్లమెంటు వారి సంసద్ వెబ్‌సైటులో ఉంటాయి. అన్‌స్టార్డ్‌కు (రాతలోనే జవాబు వచ్చేవాటికి) గొడవతో సంబంధమే లేదు. 377 నిబంధన కింద ఎంపీలు తమ ప్రాంత సమస్యల మీద ఇచ్చినవి చదవనివ్వకపోయినా సభ ముందు ఉంచినట్టు తీసుకుంటారు, మంత్రిత్వ శాఖ నెల రోజుల్లో ఎంపీకి జవాబు రాయాలి. నిజంగా చచ్చిపోయేది జీరో అవరే, అంటే అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం. ఆ రోజు లాటరీలో పేరు వచ్చినా నోరు తెరవకపోతే ఏమీ మిగలదు, రేపు మళ్లీ కొత్త నోటీసు పెట్టుకోవాలి.

బిల్లులు గొడవలోనూ మూజువాణి ఓటుతో గట్టెక్కుతాయి. అంటే సభ స్తంభిస్తే నష్టపోయేది ప్రశ్నించేవాడే, సర్కారు పని కాదు. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యులవి, అంటే మంత్రులు కానివాళ్లవి. అవీ ఎక్కువగా ఈ వాయిదాలకే బలి.

ఇంకో మాట. శుక్రవారం లోక్‌సభలో పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి వచ్చే వారం సర్కారు పని చదువుతారు. అది విన్నాక సోమవారానికి సిద్ధం కావొచ్చు. ఎవరూ వినరు, అది వేరే సంగతి.

కాగితంపులి | 20 డిసెంబరు, రా. 8:31

ప్రశ్నల సంగతి కొంచెం విడమరిచి రాస్తాను. జిల్లాకు పనికొచ్చే ఆయుధం ఇదొక్కటే అని నా అభిప్రాయం.

లోక్‌సభలో రోజుకు 20 స్టార్డ్, 230 అన్‌స్టార్డ్. రాజ్యసభలో 15, 160. లోక్‌సభ సభ్యుడి పేరు మీద ఒక రోజు జాబితాలో ఐదుకు మించి రావు, అందులో స్టార్డ్ ఒకటే. నోటీసులు ఎక్కువైతే లాటరీ. ఇరవైలో నోటిదాకా వచ్చేవి నాలుగైదు, ఆరు. కనుక అంకెలు కావాలంటే అన్‌స్టార్డ్ అడగడమే మేలు. మంత్రి నోటితో ఒప్పుకోవాల్సింది ఉంటేనే స్టార్డ్ దండగ కాదు.

ఎక్కువమంది దెబ్బతినేది తేదీ దగ్గర. నోటీసుకూ జవాబుకూ మధ్య నికరంగా 15 రోజులు ఉండాలి, రెండు చివరి రోజులూ లెక్కలోకి రావు. డిసెంబరు 17 బుధవారం జవాబు కావాలంటే డిసెంబరు 1 లోపు నోటీసు పడాలి. లోక్‌సభ సచివాలయం చార్టులో ఇంకా ముందు తేదీ ఉండొచ్చు, అదే ఫైనలు. మూడు వారాల సమావేశాలకు మొదటి రెండు వారాల ప్రశ్నలన్నీ సభ మొదలు కాకముందే వెళ్లిపోయి ఉంటాయన్నమాట. సమావేశాలు మొదలయ్యాక అర్జీ పట్టుకుని ఎంపీ ఆఫీసుకు వెళ్తే దొరికేది ఆఖరి వారమే.

శాఖలకు రోజులు ఉంటాయి. లోక్‌సభలో రైల్వే బుధవారం, ఆర్థికం సోమవారం, వ్యవసాయం మంగళవారం, ఆరోగ్యం శుక్రవారం. రాజ్యసభలో రైల్వే శుక్రవారం. ప్రతి సమావేశానికీ చార్టు కొత్తగా వేస్తారు, చూసుకోవాలి. శాఖ తప్పు రాస్తే నోటీసు అటూ ఇటూ తిరిగి గడువు మింగేస్తుంది.

ఇక రాసే పద్ధతి. "పలాస ఆసుపత్రిలో డాక్టరు పోస్టులు ఎన్ని ఖాళీ?" అని రాస్తే అక్కడే కొట్టేస్తారు. ఆరోగ్యం రాష్ట్ర జాబితా, అది కేంద్రం ప్రధానంగా చూసుకునే విషయం కాదని ఒక్క ముక్కలో చెప్తారు. అదే విషయాన్ని "జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద శ్రీకాకుళం జిల్లాకు గత మూడేళ్లలో మంజూరైన మొత్తం, వాడిన మొత్తం, నడుస్తున్న యంత్రాల సంఖ్య" అని అడిగితే తప్పించుకోలేరు. అక్కడ కేంద్రం రూపాయి ఉంది. రూపాయి వెనక నడవడమే కిటుకు.

150 పదాలు మించకూడదు. వెటకారం, ఆరోపణ, వాదన ఉండకూడదు. కోర్టులో నలుగుతున్నది ఉండకూడదు. ముందే జవాబిచ్చిన ప్రశ్న మళ్లీ వేయకూడదు, కాబట్టి సంసద్ సైటులో జిల్లా పేరు కొట్టి పాతవి వెతకడం మొదటి పని.

గంటస్తంభం | 20 డిసెంబరు, రా. 9:15

దీనికి ఒక చిన్న చిక్కు కలుపుతాను. మంత్రులు ప్రశ్నలు వేయరు, 377 ఇవ్వరు, జీరో అవర్లో లేవరు. శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు 2024 జూన్ నుంచి పౌర విమానయాన మంత్రి. అంటే ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, పాతపట్నం, శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట, ఈ ఏడు చోట్ల నుంచి లోక్‌సభలో ప్రశ్న వేసే సొంత గొంతు లేదు. ఆయన ఆఫీసుకు అర్జీ ఇవ్వొచ్చు, పక్క మంత్రికి ఉత్తరం రాయించొచ్చు. దానికి బరువు ఎక్కువే. కానీ ఉత్తరం రికార్డు కాదు, ప్రశ్న రికార్డు.

మరి ఎవరితో వేయించాలి? విజయనగరం ఎంపీతో గానీ, అరకు ఎంపీతో గానీ, లేదా రాష్ట్రం నుంచి ఉన్న 11 మంది రాజ్యసభ సభ్యుల్లో ఒకరితో గానీ. రాజ్యసభ వాళ్లకు నియోజకవర్గం గీత లేదు, ఏ జిల్లా గురించైనా అడుగుతారు.

జీడిపిక్క | 20 డిసెంబరు, రా. 9:40

గీతల సంగతి వచ్చింది కాబట్టి: ఎచ్చెర్ల శ్రీకాకుళం జిల్లా, కానీ ఎంపీ విజయనగరం. శృంగవరపుకోట విజయనగరం జిల్లా, ఎంపీ విశాఖ. సాలూరు, పార్వతీపురం, కురుపాం, పాలకొండ అరకు కింద. తప్పు ఎంపీకి ఇచ్చిన అర్జీ అటకెక్కుతుంది, ఎవరూ తిప్పి పంపరు.

ఏటొడ్డు | 21 డిసెంబరు, ఉ. 6:55

అయితే కొవ్వాడ ఎచ్చెర్లలో ఉన్నాది కాబట్టి విజయనగరం ఎంపీ అడగొచ్చన్నమాట. ఇది బావుంది. జవాబు వచ్చాక అందులో నిజం ఎంతో ఎలగ తెలుస్తాది?

పాత_గెజిట్టు | 21 డిసెంబరు, ఉ. 8:20

జవాబు చదవడం ఒక విద్య మాస్టారూ.

"ప్రశ్నే ఉత్పన్నం కాదు" అంటే పై భాగంలో ఎక్కడో "లేదు" అన్నారు, అక్కడికి వెళ్లి చూడండి. "రాష్ట్ర ప్రభుత్వం తెలిపిన ప్రకారం" అంటే ఆ అంకెకు మంత్రి పూచీ లేదు, రాష్ట్రం పంపింది అంటించారు. తప్పుంటే అడగాల్సింది ఇక్కడి శాఖనే. రైలు ఆగే స్టేషన్ల ప్రశ్నకు "ప్రయాణికుల రద్దీ, నిర్వహణ సాధ్యాసాధ్యాలను బట్టి, ఇది నిరంతర ప్రక్రియ" అని వస్తుంది. అది జవాబు కాదు, వీడ్కోలు. అలాంటప్పుడు ఆ స్టేషనులో రోజుకు ఎన్ని టికెట్లు, ఎంత రాబడి అన్నది సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి డివిజన్ నుంచి తెచ్చుకుని, ఆ అంకెలతో మళ్లీ అడగాలి.

అసలు వెతకాల్సినవి వేరే మాటలు. "పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం", "విషయం చూస్తాను". ఇవి పైకి దాటవేతలా కనిపిస్తాయి. రూల్సు ప్రకారం ఇవి హామీలు. ప్రభుత్వ హామీల కమిటీ వీటిని ఏరి లెక్కలో రాసుకుంటుంది, మూడు నెలల్లో తీర్చాలి. తీరకపోతే శాఖ గడువు పెంచమని అడగాలి, లేదా వదిలేయడానికి అనుమతి కోరాలి. ఏ హామీ ఏ దశలో ఉందో చూసుకోవచ్చు. "లేదు" అన్న గట్టి జవాబు కంటే "పరిశీలనలో ఉంది" అన్న మెత్తటి జవాబే మనకు లాభం.

తోటపల్లి_కాలవ | 21 డిసెంబరు, ఉ. 11:30

నీళ్ల విషయంలో పార్లమెంటు చుట్టూ తిరిగేవాళ్లకు ఒక హెచ్చరిక. వంశధార మీద కట్టాలనుకున్న నేరడి బ్యారేజీ గురించి ప్రశ్న వేయిస్తే "న్యాయస్థానం పరిశీలనలో ఉంది" అని తిరిగొస్తుంది. నీళ్లు రాష్ట్ర జాబితా 17, కానీ అంతర్రాష్ట్ర నదులు కేంద్ర జాబితా 56కు లోబడి. తగవు వస్తే 262 అధికరణం, 1956 చట్టం, ట్రిబ్యునలు. వంశధార ట్రిబ్యునలు 2010లో వేశారు, 2017 సెప్టెంబరులో తీర్పు, 2021 జూన్‌లో అనుబంధ నివేదిక. నీళ్లు చెరి సగం, నేరడి కట్టుకోవచ్చు, అందుకు ఒడిశా 106 ఎకరాలు ఇవ్వాలి. ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. సభలో దీనికి దారి లేదు.

ట్రిబ్యునళ్ల నాన్చుడు తగ్గించడానికి సవరణ బిల్లు ఒకటి 2019 జులై 31న లోక్‌సభలో పాసైంది. రాజ్యసభలో మగ్గి మగ్గి, 17వ లోక్‌సభ రద్దవగానే చచ్చిపోయింది. లోక్‌సభలో పాసై రాజ్యసభలో పెండింగులో ఉన్న బిల్లుకు పట్టే గతి అదే. పాసైందని పేపర్లో చదివి ఊరుకున్నవాళ్లు చాలామంది.

అడగదగ్గ నీళ్ల ప్రశ్నలు లేకపోలేదు. తోటపల్లి, తారకరామ తీర్థ సాగరం రెండూ కేంద్ర సత్వర సాగునీటి పథకంలో పెట్టిన 99 ప్రాజెక్టుల్లో ఉన్నవే. కేంద్ర వాటా ఎంత వచ్చింది, డబ్బు వాడినట్టు ధ్రువపత్రం ఎప్పుడు పంపారు, ఆయకట్టు ఎన్ని హెక్టార్లు మిగిలింది? ఈ మూడూ అడిగితే పనిలో ఎక్కడ కొక్కెం పడిందో తేలిపోతుంది. ఎక్కువసార్లు పడేది ఆ ధ్రువపత్రం దగ్గరే. పాత విడత ఖర్చు చూపకపోతే కొత్త విడత కదలదు.

గంటస్తంభం | 21 డిసెంబరు, మ. 1:05

విశాఖ రైల్వే జోన్ బిల్లు ఎప్పుడు పెడతారు అని ఇక్కడ పాత దారంలో ఎవరో అడిగారు. జోన్‌కు బిల్లు అక్కర్లేదు. రైల్వే చట్టం 1989 సెక్షన్ 3 చాలు, కేంద్రం నోటిఫై చేస్తుంది. 2014 విభజన చట్టం 13వ షెడ్యూలులో రాసింది కూడా ఆరు నెలల్లో "పరిశీలించాలి" అనే, ఇవ్వాలి అని కాదు. ఆ ఒక్క క్రియాపదం ఖరీదు చూడండి: 2019 ఫిబ్రవరి 27న ప్రకటన, 2025 జనవరి 8న శంకుస్థాపన. 2025 ఫిబ్రవరిలో వాల్తేరు డివిజన్‌ను విడగొట్టారు. పలాస-విశాఖ-దువ్వాడ, కూనేరు-విజయనగరం, నౌపడ-పర్లాకిమిడి, బొబ్బిలి-సాలూరు వగైరా సుమారు 410 కి.మీ. విశాఖ డివిజన్. మిగిలిన 680 కి.మీ. రాయగడ డివిజన్‌కు. పలాస దాటి ఇచ్ఛాపురం వైపు ఖుర్దారోడ్ డివిజన్ కిందే ఉండిపోయింది. సోంపేటలో రైలు ఆగాలన్నా ఫైలు ఒడిశాలో కదలాలి. దీన్ని మార్చడానికి పార్లమెంటులో ఓటు అక్కర్లేదు, రైల్వే బోర్డు ఉత్తర్వు చాలు.

గిరిజన యూనివర్సిటీ కథ దీనికి తలకిందులు. అక్కడ చట్టం కావాలి. అదే 13వ షెడ్యూలు, 2019 జులైలో సవరణ చట్టం, 2023 ఆగస్టులో మెంటాడ, దత్తిరాజేరు మండలాల దగ్గర శంకుస్థాపన. చట్టం అయ్యాక తరగతులు నడిపింది కొండకరకంలో, అరువు భవనాల్లో. చట్టం పాసైతే పేరు వస్తుంది. గోడలు లేచేది విద్యాశాఖ పద్దులో ఏటా రాసే అంకెతో.

సముద్రం_అవతల | 21 డిసెంబరు, సా. 4:44

చిన్న పోలిక. బ్రిటన్లో గురువారం పూట సభా నాయకుడు వచ్చే వారం పని చెప్తాడు, స్కాట్లాండ్ మంత్రిని ప్రశ్నించడానికి విడిగా బుధవారాలు ఉంటాయి. మనకు రాష్ట్రానికో ప్రశ్నల గంట లేదు. వాళ్లకు సూయల్ సంప్రదాయం ఉంది. ప్రాంతీయ సభల పరిధిలోని విషయంపై లండన్ మామూలుగా వాటి సమ్మతి లేకుండా చట్టం చేయదు. 2016లో దాన్ని చట్టంలోకీ ఎక్కించారు. 2017లో అక్కడి సుప్రీంకోర్టు ఇది రాజకీయ సంప్రదాయం, మేం అమలు చేయించలేం అంది. 2020లో అంతర్గత మార్కెట్ చట్టాన్ని స్కాట్లాండ్, వేల్స్ వద్దన్నా చేసేశారు.

పాత_గెజిట్టు | 21 డిసెంబరు, సా. 5:10

మనం వేరే ఊరి ఉదాహరణ తెచ్చుకోనక్కర్లేదు. 2014 జనవరి 30న మన అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో తీర్మానం చేసింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ పాస్ చేశాయి. మూడో అధికరణం అసెంబ్లీ అభిప్రాయం అడగమంటుంది, వినమనదు. కాకపోతే ఒక తేడా ఉంది. అక్కడ లండన్ ఇచ్చిన అధికారం, లండన్ చట్టంతో వెనక్కి తీసుకోవచ్చు. ఇక్కడ రాష్ట్ర జాబితా రాజ్యాంగంలోనే ఉంది. మామూలు బిల్లుతో లాక్కోలేరు. 1976లో విద్య, అడవులు ఉమ్మడి జాబితాకు మార్చడానికి 42వ సవరణ కావాల్సి వచ్చింది. ఉమ్మడిలో పడ్డాక మాత్రం 254 అధికరణం ప్రకారం గొడవ వస్తే సాధారణంగా కేంద్ర చట్టానిదే పైచేయి.

జీడిపిక్క | 21 డిసెంబరు, రా. 7:58

డబ్బు సంగతి మిగిలింది. ముడి జీడిపిక్కల దిగుమతి సుంకం 2018-19 బడ్జెట్లో 5 నుంచి 2.5 శాతానికి దిగింది. ఇలాంటివి బడ్జెట్ రోజు అర్ధరాత్రి నుంచే వసూల్లోకి వస్తాయి, ఆర్థిక బిల్లు పాసయ్యేదాకా ఆగవు. పలాస వ్యాపారి ఫిబ్రవరి 1 సాయంత్రం చూడాల్సింది ప్రసంగం కాదు, కస్టమ్స్ నోటిఫికేషన్.

పద్దులు వేరు. బడ్జెట్ పెట్టాక సభకు సుమారు మూడు వారాల విరామం వస్తుంది. అప్పుడు 24 స్థాయీ సంఘాలు ఒక్కో శాఖ పద్దు చూస్తాయి. తర్వాత లోక్‌సభలో చర్చకు వచ్చేవి నాలుగైదు శాఖలే, మిగిలినవన్నీ గిలెటిన్ కింద ఒకేసారి ఓటుకు వెళ్తాయి. కాబట్టి మన మాట చేరాల్సింది విరామం మొదలయ్యేలోపు, ఆ సంఘం సభ్యుడికి.

ఓటు లేకుండా జరిగేవీ ఉన్నాయి. విజయనగరం జూట్ మిల్లులు బతికేది 1987 చట్టం కింద ఏటా వచ్చే ఉత్తర్వు మీద: ధాన్యానికి నూరు శాతం, పంచదారకు 20 శాతం గోనె సంచులే వాడాలని. అలాంటి నోటిఫికేషన్లను సభ ముందు పత్రాల్లో ఉంచుతారు. చాలా చట్టాల్లో సభ్యులు వాటికి సవరణ కోరే వీలుంటుంది. అడిగినవాళ్లు ఎంతమంది అని మాత్రం అడక్కండి.

ఏటొడ్డు | 22 డిసెంబరు, ఉ. 7:12

సరే, మాటలొద్దు. రెండు బిల్లులకీ రాష్ట్రపతి సంతకం కూడా అయిపోనాదంట. కొవ్వాడ మీద బడ్జెట్ సమావేశాలకి ఒక ప్రశ్న ఇక్కడే రాసెయ్యండి, పట్టుకెళ్లి ఇచ్చేలాగ.

గంటస్తంభం | 22 డిసెంబరు, ఉ. 8:46

అణుశక్తి శాఖ ప్రధాని దగ్గర ఉంటుంది, కాబట్టి ప్రశ్న ఆయన పేరిటే:

"ప్రధానమంత్రి ఈ క్రింది విషయాలు తెలియజేస్తారా: (ఎ) ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రానికి ఇప్పటివరకు ఏడాదివారీగా విడుదలైన, ఖర్చయిన నిధులు ఎంత, (బి) భూసేకరణ, పునరావాసానికి రాష్ట్ర ప్రభుత్వం వద్ద జమ చేసిన మొత్తం, అందులో ఖర్చు కాకుండా మిగిలినది ఎంత, (సి) రియాక్టర్ల సరఫరా సంస్థతో ఒప్పందం ఏ దశలో ఉంది, (డి) సరఫరాదారు బాధ్యతపై ఆ ఒప్పందంలో నిబంధన పెట్టే ప్రతిపాదన ఉందా, ఉంటే వివరాలు, (ఇ) నిర్వాసితుల పునరావాసంలో ఇంత నిర్లక్ష్యానికి కారణాలు ఏమిటి?"

కాగితంపులి | 22 డిసెంబరు, ఉ. 9:30

(ఎ) నుంచి (డి) దాకా బాగుంది. (ఇ)తో మొత్తం నోటీసు పోతుంది. "నిర్లక్ష్యం" ఆరోపణ, "ఇంత" వాదన. ఇలా మార్చండి: "(ఇ) నిర్వాసితుల పునరావాస కాలనీ పూర్తికి నిర్దేశించిన గడువు, ప్రస్తుత స్థితి ఏమిటి?" గడువు దాటిందో లేదో వాళ్ల చేత్తోనే రాస్తారు. (డి)లో "ప్రతిపాదన ఉందా" అన్నది మార్చొద్దు. "పరిశీలనలో ఉంది" అని రాశారంటే అది హామీల కమిటీ లెక్కలోకి వెళ్తుంది.

ఏటొడ్డు | 22 డిసెంబరు, ఉ. 9:52

నూట యాభై దాటలేదు గదా?

కాగితంపులి | 22 డిసెంబరు, ఉ. 9:55

అందులో సగం కూడా లేదు. తెలుగు ప్రతి ఒకటి, ఇంగ్లీషు ప్రతి ఒకటి ఇవ్వండి. ఎంపీ ఆఫీసులో తర్జుమా చేసేటప్పుడే (బి)లో "ఖర్చు కాకుండా మిగిలినది" అన్న ముక్క జారిపోతుంది.